రూట్ కెనాల్‌లో ఎర్ర కాంతి అవసరమా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. కింది దవడ పన్నుకు మూడేళ్ల క్రితం రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకున్నాను. కొన్ని నెలలుగా ఆ పంటి పక్కన చిగురు మీద పొక్కు లేవడం, చీము కారి తగ్గడం, మళ్లీ రావడం జరుగుతోంది. యాంటీబయాటిక్ మాత్రలు రెండు కోర్సులు వాడాను. కాలువలను మళ్లీ తెరిచి శుభ్రం చేస్తామని, దానితోపాటు అదనపు రుసుముతో కాంతి చికిత్స కూడా చేస్తామని డాక్టరు గారు చెబుతున్నారు. అది నిజంగా అవసరమా? బ్యాక్టీరియా మందులకు అలవాటు పడినట్టే కాంతికీ అలవాటు పడిపోదా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: మాత్రలతో మీకు ఎందుకు నయం కాలేదో ముందుగా చెప్పాలి. రూట్ కెనాల్ చేసిన పంటిలో నరమూ రక్తనాళాలూ ఉండవు కాబట్టి, రక్తంలో కలిసిన మందు కాలువ లోపలికి చేరదు. పొక్కు తగ్గుతుంది గాని, దాని మూలం అలాగే ఉండిపోతుంది. తిరగబెట్టిన కేసుల్లో తరచుగా కనిపించే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా, పంటి గోడలోని అతిసన్నని గొట్టాలలో దూరి, ఆహారం దొరకకపోయినా చాలాకాలం బతకగలదు. కాలువలో పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు క్షారతను సైతం అది చాలావరకు తట్టుకుంటుంది.

కాంతి చికిత్సలో ముందుగా మిథిలీన్ బ్లూ వంటి రంగును కాలువలో నింపి, అది బ్యాక్టీరియాకు పట్టేదాకా కొద్ది నిమిషాలు ఆగి, ఆ తరువాత సన్నని ఫైబర్ ద్వారా సుమారు 630 నుంచి 660 నానోమీటర్ల ఎర్ర కాంతిని పంపుతారు. కాంతిని గ్రహించిన రంగు అక్కడి ఆక్సిజన్‌ను తీవ్రంగా చర్య జరిపే రూపంలోకి మారుస్తుంది. ఆ ఆక్సిజన్ కొన్ని మైక్రోసెకన్లకు మించి నిలవకపోయినా, ఆలోపే పక్కనున్న సూక్ష్మజీవి పొరను, ప్రోటీన్లను, డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఒకేసారి ఇన్ని చోట్ల దెబ్బ తగులుతుంది కాబట్టి, మీరు సందేహించినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటు పడడం చాలా కష్టం. ఇది నిన్న మొన్నటి ఊహ కూడా కాదు. మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్యవిద్యార్థి, అక్రిడిన్ రంగు కలిపిన నీటిలోని పారమీసియాలు అనే ఏకకణ జీవులు వెలుగు తగిలితే చనిపోతున్నాయని గమనించి 1900లోనే ప్రచురించాడు.

అయితే రంగు చేరని మూలకు వెలుగు చేరినా ఫలితం ఉండదు. లోతైన గొట్టాలలో ఆక్సిజనూ తక్కువే. ప్రయోగశాలలో బ్యాక్టీరియా సంఖ్య బాగా తగ్గుతున్నట్టు కనిపించినా, రోగులలో అదనపు ప్రయోజనానికి చాలినన్ని ఆధారాలు లేవు. నా అభిప్రాయం ఇది: పాత పూరకాన్ని పూర్తిగా తీసి, సోడియం హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారక ద్రావణంతో ఓపికగా కడగడమే అసలు చికిత్స, కాంతి దానికి తోడు మాత్రమే.

అందుచేత, మొదటిసారి చికిత్స ఎందుకు విఫలమైందని మీ డాక్టరు గారిని అడగండి. ఒక కాలువ దొరకకుండా మిగిలిపోయి ఉండవచ్చు, క్యాప్ అంచు నుంచి లాలాజలం లోపలికి చేరుతూ ఉండవచ్చు, వేరు నిలువునా చీలి ఉండవచ్చు. మొదటి రెండింటిని సరిదిద్దవచ్చు. నిలువు చీలికే ఉంటే మాత్రం ఏ కాంతీ ఆ పంటిని నిలపలేదు. ఎక్స్‌రేలో తేలకపోతే పంటిని అన్ని వైపుల నుంచీ త్రిమితీయంగా చూపే సీబీసీటీ స్కాన్ ఉపకరిస్తుంది. రెండో అభిప్రాయం కావాలంటే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల మీకు దగ్గరే.

మళ్లీ చేయించుకున్నాక తాత్కాలిక పూరకంతో నెలల తరబడి ఉండకుండా క్యాప్ వేయించుకోండి. వేరు చివర ఎముకలో నల్లని నీడ ఉంటే అది నెమ్మదిగా పూడుతుంది కాబట్టి, ఏడాది తరువాత ఎక్స్‌రే తీయించుకుని పోల్చి చూడాలి. కొందరిలో అది పూర్తిగా మానడానికి నాలుగేళ్ల వరకు పడుతుంది.