న్యాయమూర్తి జీవితం రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఫెడరల్ జిల్లా న్యాయమూర్తిగా పనిచేసిన జూలియస్ వేటీస్ వేరింగ్ జీవితంపై నువ్వు పంపిన తొలి అధ్యాయం శ్రద్ధగా చదివాను. మొదటి పేజీలోనే ఆయనను మహాపురుషుణ్ణి చేసేశావు. దాన్ని పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టు.

ఆయన 1880లో చార్ల్‌స్టన్‌లో, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన వ్యక్తి ఇంట పుట్టారు. ఆ ఊరి తెల్లజాతి పెద్దల మధ్యే పెరిగి, వారి మధ్యే న్యాయవాదిగా రాణించి, 1942లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నియామకంతో న్యాయపీఠం ఎక్కేనాటికి ఆయనకు 61 ఏళ్లు. ఆ ఏళ్లను నువ్వు ఒక్క పేరాలో దాటేశావు. నా దృష్టిలో పుస్తకానికి ఆయువుపట్టు అదే.

ఐజక్ వుడర్డ్ కేసు దగ్గర మాత్రం తొందరపడకు. 1946 ఫిబ్రవరిలో సైన్యం నుంచి విడుదలై, ఇంకా యూనిఫాంలోనే బస్సులో ఇంటికి బయల్దేరిన ఆ నల్లజాతి సైనికుణ్ణి బేట్స్‌బర్గ్‌లో పోలీసు అధికారి కొట్టిన దెబ్బలకు రెండు కళ్లూ పోయాయి. అదే ఏడాది నవంబరులో విచారణ వేరింగ్ ముందుకు వచ్చింది. ప్రభుత్వ న్యాయవాదులు కేసును అంతంతమాత్రంగా నడిపారు. దోషా, నిర్దోషా తేల్చాల్సిన పౌరుల బృందమైన జ్యూరీలో అందరూ తెల్లవారే. వారు క్షణాల్లో తీర్పు చెప్పేస్తారని గ్రహించిన న్యాయమూర్తి, తాను లేనిదే తీర్పు ప్రకటించడం కుదరదు గనుక, కాసేపు నడిచివస్తానని బయటికి వెళ్లిపోయారు. అయినా అరగంటలోపే ఆ అధికారి నిర్దోషిగా బయటపడ్డాడు. న్యాయమూర్తి చేతిలో ఎంత అధికారం ఉందో, ఎంత లేదో ఆ నడక చెబుతుంది. నువ్వు వ్యాఖ్యానం చేర్చకు. అలాగని జాతి వివక్ష విషయంలో ఆయనలో వచ్చిన మార్పునంతా ఈ ఒక్క కేసుకే కట్టబెట్టకు. నల్లజాతి ఉపాధ్యాయులకు సమాన వేతనం ఇవ్వాలని ఆయన 1944లోనే ఆదేశించారు.

దక్షిణ కరోలినాలోని క్లారెండన్ కౌంటీ (జిల్లా వంటిది)లో నల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లల బడుల గురించి వేసిన కేసులో ఇంకో సంగతి గమనించు. 1950లో, పాఠశాలల్లో సమాన వసతులు కావాలన్న అభ్యర్థనతో సరిపెట్టకుండా తెల్ల, నల్ల పిల్లలను వేర్వేరు బడుల్లో ఉంచే జాతి విభజననే నేరుగా సవాలు చేయమని ఆ తల్లిదండ్రుల న్యాయవాది థర్గుడ్ మార్షల్‌ను పురిగొల్పింది వేరింగే. న్యాయమూర్తి ఒక పక్షానికి అలా దారి చూపడం సబబేనా అన్న ప్రశ్నను దాటవేయవద్దు. 1951లో ముగ్గురు సభ్యుల ధర్మాసనంలో మిగిలిన ఇద్దరూ విభజనను సమర్థించగా, విభజన అంటేనే అసమానత్వమని ఆయన ఒక్కరే భిన్న తీర్పు రాశారు. 1954లో సుప్రీంకోర్టు, ఈ కేసును కూడా కలిపి విన్న బ్రౌన్ కేసులో, ఆ వైపే మొగ్గి ప్రభుత్వ బడుల్లో జాతి విభజన చెల్లదంది.

ఫెడరల్ న్యాయమూర్తికి రాజ్యాంగం జీవితకాల పదవినీ, తగ్గించరాని జీతాన్నీ ఇస్తుంది. కానీ పలకరించే పొరుగువాణ్ణి ఇవ్వదు. 1950లో ఆయన ఇంటిపై దాడి జరిగింది. 1952లో పదవీ విరమణ చేసి, భార్యతో న్యూయార్క్ వెళ్లిపోయారు. 1968లో ఆయన కన్నుమూశారు. చార్ల్‌స్టన్ ఫెడరల్ న్యాయస్థాన భవనానికి ఆయన పేరు పెట్టింది 2015లో.

ముందుగా 1951 మే నాటి విచారణలో సాక్షులు ఇచ్చిన వాంగ్మూలాలు పూర్తిగా చదువు. ఆ తర్వాతే ఆయన భిన్న తీర్పు తెరువు. తిరగరాసిన అధ్యాయం కోసం ఎదురుచూస్తుంటాను.