39వ ఏట మళ్లీ చదువులో చేరినవాడిగా నా సమాధానం

38 ఏళ్ల వయసులో, ఉద్యోగం వదలకుండా విశ్వవిద్యాలయంలో చేరితే ఇరవై ఏళ్ల పిల్లలతో సమానంగా నెగ్గుకురాగలనా, ఆ పట్టాతో వేరే వృత్తిలోకి వెళ్లగలనా అని మీరు అడిగారు. పద్నాలుగేళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసి, 39వ ఏట గణాంకశాస్త్రంలో పార్ట్‌టైమ్ పీజీలో చేరి, మూడేళ్లకు బయటపడ్డవాణ్ణి కనుక నాకు ఎదురైనది చెబుతాను.

బుర్ర గురించి బెంగ పెట్టుకోకండి. మనస్తత్వవేత్త రేమండ్ కాటెల్ 1963లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో తెలివిని రెండు రకాలుగా విడదీశారు: మునుపెన్నడూ చూడని చిక్కును అప్పటికప్పుడు విడదీసే శక్తి ఒకటి, చదువువల్ల, అనుభవంవల్ల పోగుపడే జ్ఞానం రెండవది. మొదటిది యౌవనం దాటాక క్రమంగా తగ్గుతుంది కాని, రెండవది నడివయసులో నిలకడగా ఉంటుంది, పెరుగుతుంది కూడా. తరగతిలో నాకు ఇదే కనిపించింది. సూత్రాన్ని రాబట్టడంలో పిల్లలు నాకంటే చాలా చురుకు. అయితే ఆ సూత్రానికి అందించిన అంకెలే తప్పుల తడకగా ఉన్నాయని ముందుగా పసిగట్టేది మాత్రం ఎక్కువసార్లు నేనే. (పరీక్షలో దానికి మార్కులు వేయరనుకోండి.)

నన్ను దెబ్బతీసినది వయసు కాదు, గంటల లెక్క. ఐరోపా క్రెడిట్ పద్ధతిలో పూర్తికాల చదువుకు ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు తరగతులు, సొంత చదువు, అసైన్‌మెంట్లు, పరీక్షలు అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. అందులో సగం భారం ఎత్తుకున్నా ఏడాదికి 750 నుంచి 900 గంటలవుతాయి. వాటిని నలభై వారాలకు పంచితే వారానికి ఇరవై గంటలకు అటూ ఇటూగా తేలుతుంది. మీరు చేరబోయే చోట లెక్క వేరైనా, బరువు దాదాపు ఇంతే ఉంటుందనుకోండి. నేను పది గంటలు చాలనుకున్నాను. ఆ పదింటిలోనూ ఎనిమిది ఆదివారం ఒక్కరోజే కూర్చుని చదివేవాణ్ణి. మరుసటి ఆదివారం పుస్తకం తెరిస్తే అక్షరాలు నావే, అర్థం మాత్రం పరాయిది. నేర్చుకున్న తొలి గంటల్లోనే మరపు అతివేగంగా సాగుతుందనీ, విడతలుగా నేర్చుకున్నది ఎక్కువగా నిలుస్తుందనీ జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని రాసిపెట్టాడు; నాకు ఆ సంగతి సంభావ్యత పేపరు తప్పాక గాని తెలియలేదు.

ఆ పరీక్షలో మరో ముచ్చట కూడా జరిగింది. గంట గడిచేసరికి బొటనవేలు, చూపుడువేలు బిగుసుకుపోయి పెన్ను జారిపోవడం మొదలైంది. పదేళ్లకు పైగా సంతకం తప్ప చేత్తో రాసింది లేదు మరి! రెండో సెమిస్టరు నుంచి రోజూ తెల్లవారుజామున గంటన్నర కేటాయించుకుని, పుస్తకం మూసి, నిన్న చదివినదాన్ని తెల్లకాగితం మీద చూడకుండా రాసేవాణ్ణి. చదివినదీ నిలిచింది, వేళ్లూ దారికి వచ్చాయి.

ఇక వృత్తి మార్పు. వైద్యం, నర్సింగ్, న్యాయవాదం వంటి లైసెన్సు కావలసిన వృత్తులకు పట్టా తప్పనిసరి కనుక, ఫీజు కట్టక ముందే ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో లైసెన్సు ఇచ్చే సంస్థనే అడిగి తెలుసుకోండి. మిగతా రంగాల్లో పట్టా తలుపు దాకా తీసుకెళ్తుంది, అంతే. నేను కోర్సు ఎంచుకున్నాక ఉద్యోగ ప్రకటనలు చదివాను. ఆ వరుస తిరగబడి ఉండవలసింది. ముందే చదివి ఉంటే రెండు ఐచ్ఛిక పేపర్లు వేరేవి తీసుకునేవాణ్ణి. పాత అనుభవాన్ని దాచి, కొత్తవాడిలా దరఖాస్తు చేసినన్నాళ్లు నాకు ఒక్క పిలుపూ రాలేదు. చివరి ఏడాది ప్రాజెక్టుకు ఒకే బిల్లుకు రెండుసార్లు జరిగే చెల్లింపులను పట్టుకునే పద్ధతిని తీసుకున్నాను. ఇంటర్వ్యూలో అడిగినవన్నీ దాని గురించే, ఉద్యోగం వచ్చిందీ దానివల్లే. జీతం మాత్రం మొదటి ఏడాది పాతదానికంటే తక్కువ. కోర్సులో చేరకముందే ఇంట్లోవాళ్లకు ఆ సంగతి చెప్పి ఒప్పించడం మంచిది.

దరఖాస్తు పంపే ముందు ఒక పని చేయండి. చేరినట్టే భావించి, ఏదైనా పాఠ్యపుస్తకం పెట్టుకుని, నాలుగు వారాలపాటు వారానికి ఇరవై గంటలు కూర్చోవడానికి ప్రయత్నిస్తూ నిజంగా ఎన్ని గంటలు దొరికాయో రాసుకోండి. పేపరు తప్పాక నేను చేసిన లెక్కలో మొదటి వారం పదకొండు గంటలే తేలింది. వారాంతపు పనుల్లో రెండు వదులుకుని, నిద్రవేళ ముందుకు జరుపుకున్నాక నాలుగో వారానికి పద్దెనిమిది అయింది. ఆ పద్దెనిమిదితోనే, సెమిస్టరుకు ఒక పేపరు తగ్గించుకుని, రెండేళ్లు అనుకున్న చదువును మూడేళ్లకు పూర్తిచేశాను.