యువజన సంఘం కుర్రాళ్లకు రాఫ్టింగ్ పనికొస్తుందా?

శ్రీకాకుళం నుంచి 24 మంది కుర్రాళ్లను రాఫ్టింగ్‌కి, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో తెడ్లు వేస్తూ ఉరకలేసే నదిలో దిగువకు సాగడానికి, తీసుకెళ్తే కలిసి పనిచేయడం అలవాటవుతుందా, నాగావళిలోనే చేయించొచ్చా అని అడిగారు.

ముందు నాగావళి సంగతి. వద్దండి. ఎండాకాలం ఇసుక మేటలే. వానాకాలం ఇక్కడ చినుకు పడకపోయినా ఒడిశా కొండల్లో కురిసిందంతా వరదై దిగిపోతుంది. పైగా నారాయణపురం లాంటి ఆనకట్టలున్నాయి. ఆనకట్ట మీంచి జారే నీరు పైకి నిదానంగానే కనిపిస్తుంది. కిందికొచ్చేసరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అడ్డంగా సుడి తిరుగుతూ, పడ్డ మనిషిని మళ్లీ గోడ వైపే లాగుతుంది. లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడటం కష్టం. కొండ నదిలో రాళ్ల మధ్య సుడికి పక్కన ఎక్కడో దారుంటుంది, దీనికి ఉండదు. సెలవు రోజున పిల్లలు ఆనకట్టల కింద ఈతకు దిగుతుంటే చూస్తూ ఊరుకునే పెద్దల మీద నాకు చాలా కోపం. ఈత నేర్పే ఏర్పాటు ప్రతి మండలంలోనూ ఉండాలి, రాఫ్టింగ్ ఆ తర్వాతి మాట.

గంగ మీద రాఫ్టింగ్‌కి రిషికేశ్ వెళ్లండి. శివపురి నుంచి రిషికేశ్ దాకా సుమారు 16 కి.మీ., కొత్త జట్టుకు సరిగ్గా సరిపోతుంది. ఇంకా ఎగువన కౌడియాలా నుంచి ఎక్కితే ‘ది వాల్’ అనే పెద్ద రాపిడ్ (నీరు రాళ్ల మధ్య ఉరికే చోటు) తగులుతుంది, మొదటిసారికి అది వద్దు. 14 ఏళ్లు నిండనివాళ్లను తీసుకెళ్లకండి.

ఇక అసలు ప్రశ్న. అలల్లో తడిస్తే ఐకమత్యం రాదు. ఒక రాపిడ్ గట్టిగా అర నిమిషం ఉంటుంది, కేకలు వేసేలోపే అయిపోతుంది. జట్టును కలిపేది తెడ్డు తాళం. ముందు కూర్చున్న ఇద్దరూ వేసే తాళాన్నే వెనకవాళ్లంతా పట్టుకోవాలి, కళింగపట్నం ఒడ్డున వల లాగేవాళ్ల అడుగుల్లాగ. అందరూ చేసే పొరపాటు, బలమైనవాణ్ణి ముందు కూర్చోబెట్టడం. వాడు గబగబా లాగేస్తాడు, వెనకవాళ్లు అందుకోలేరు, తెడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, పడవ వంకర్లు పోతుంది. ఎక్కువ మాట్లాడని, నిదానస్తుడైన కుర్రాణ్ణి ముందు పెట్టండి. బలవంతుల్ని మధ్యలో, రెండు పక్కలా బరువు సమంగా సర్దండి. పడవకు ఆరుగురు కుర్రాళ్లు, ఒక పెద్ద, గైడ్. అలా నాలుగు పడవలు. ఆ పెద్దమనిషి నోరు మూసుకుని తెడ్డు వేయాలి. గైడ్ కేక మీద ఆయన ఇంకో కేక వేస్తే సగంమంది ఆగిపోతారు.

జట్టు ఏపాటిదో పడవ రాయికి అడ్డంగా తగిలినప్పుడు తెలుస్తుంది. ఒక పక్క రాయికి ఆనుకుని ఆగుతుంది, రెండో పక్కను ఎగువ నుంచి నీరు తోస్తూనే ఉంటుంది. రాయిని చూసి భయపడి ఎవరైనా వెనక్కే ఒరుగుతారు. అదే ముంచుతుంది. ఎగువ అంచు కిందికి దిగి, నీరు లోపలికెక్కి, పడవ నిలువునా లేచి రాయికి చుట్టుకుపోతుంది. గైడ్ ‘హై సైడ్’ అనగానే అందరూ పడవలో రాయి వైపు అంచు మీదికే పడాలి. ఉన్నది రెండు మూడు క్షణాలు. ఏడుగురిలో ముగ్గురు తటపటాయించినా పడవ కదలదు. మూడు రోజుల వ్యక్తిత్వ వికాసం క్లాసులు నేర్పలేనిది ఆ రాయి దగ్గర వస్తుంది. కానీ ఒడ్డు మీద పదిసార్లు సాధన చేసినవాళ్లకే వస్తుంది.

అందుకని ఊళ్లోనే మొదలుపెట్టండి. బడి వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన వేసి, చేతికి ఐదడుగుల కర్రలిచ్చి ఫార్వర్డ్, బ్యాక్, స్టాప్, గెట్ డౌన్ (పడవ లోపలికి దిగి కూర్చోవడం), హై సైడ్ అలవాటు చేయించండి. తెడ్డు పైకొసన ఉండే అడ్డపిడిని ఎప్పుడూ అరచేత్తో మూసి పట్టుకోవాలి. వదిలేస్తే పక్కవాడి పళ్లు రాలతాయి, రాఫ్టింగ్‌లో తరచూ తగిలే దెబ్బ అదే. నీళ్లలో పడితే వెల్లకిలా తేలాలి, కాళ్లు దిగువకు, కాలివేళ్లు నీటిపైన ఉండాలి. మోకాలి లోతు వచ్చేదాకా నిలబడకూడదు. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. పడ్డవాణ్ణి పైకి తీసేటప్పుడు చేతులు పట్టి లాగకండి, భుజం జారుతుంది. జాకెట్ భుజం పట్టీలు పట్టుకుని, మోకాళ్లు పడవ అంచుకు ఆనించి వెనక్కి వాలిపోండి, వాడు లోపలికి వచ్చేస్తాడు.

జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే వదులే. ఫొటోలో బాగుండదని పట్టీలు వదులు చేసుకునే కుర్రాళ్లను పడవ ఎక్కనివ్వకండి. జీన్స్ వద్దు, కళ్లజోడుకు తాడు కట్టండి, వెనక పట్టీ లేని చెప్పులు ఒడ్డునే వదిలేయండి.

జూలై, ఆగస్టుల్లో గంగ మీద రాఫ్టింగ్ ఆపేస్తారు. మే నెలలో జనం కిటకిటలాడతారు, దసరా దాటాక వెళ్తే మేలు. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ నిజాముద్దీన్‌లో దిగితే, అక్కడి నుంచి రిషికేశ్‌కు రోడ్డున సుమారు 250 కి.మీ. బుక్ చేసేముందు నీళ్లలో పడ్డవాళ్లను అందుకునే చిన్న పడవ, సేఫ్టీ కయాక్, తోడుగా వస్తుందా, ప్రతి పడవలోనూ విసిరే తాడు సంచి ఉంటుందా అని అడగండి. జవాబు నసిగితే ఇంకో దుకాణం చూసుకోండి.