గురక గాఢనిద్రకు గుర్తు కాదు

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్లు. రేణిగుంట, తిరుపతి స్టేషన్లలో దిగే యాత్రికులను ట్యాక్సీలో కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి తీసుకువెళ్తుంటారు. పడుకోగానే పెద్దగా గురక మొదలవుతుంది. ఉన్నట్టుండి ఆ శబ్దం ఆగిపోతుంది, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ ఊపిరి తీసుకుంటారు. ఏడెనిమిది గంటలు పడుకున్నా లేవగానే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు. రెండు రకాల మాత్రలు వాడుతున్నా బీపీ అదుపులోకి రావడం లేదు. నిద్రమాత్రలు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: డాక్టరు చూడకుండా నిద్రమాత్రలు వేయవద్దమ్మా. మీరు రాసిన లక్షణాలను బట్టి ముందుగా అనుమానించవలసింది స్లీప్ అప్నియాను, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బును. నిద్రలో గొంతు కండరాలు సడలి, గాలి వెళ్లే దారి మూసుకుపోయినప్పుడు రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది; అది గ్రహించిన మెదడు క్షణకాలం మేల్కొని ఊపిరి అందేలా చేస్తుంది. గంటకు 30 సార్లు, అంతకు మించి ఇలా జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్లు లెక్క. ఇన్నిసార్లు మేల్కొన్న సంగతి తెల్లవారాక ఆయనకు గుర్తుండదు కాబట్టి, పక్కనున్న మీరు గమనించినదే వైద్యులకు ఎంతో విలువైన ఆధారం. కొన్ని రకాల నిద్రమాత్రలు, మద్యం ఆ కండరాలను మరింత సడలించి ముప్పు పెంచుతాయి.

మామూలుగా నిద్రలో బీపీ పగటి కంటే తగ్గి, గుండెకు, రక్తనాళాలకు కొంత విశ్రాంతి దొరుకుతుంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ శరీరం ప్రమాదం వచ్చినట్లే స్పందించడం వల్ల ఆ విశ్రాంతి ఈయనకు దక్కదు. మాత్రలకు బీపీ లొంగకపోవడానికి ఇదే కారణం కావచ్చు. చికిత్స లేకుండా ఏళ్లు గడిస్తే గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశాలు పెరుగుతాయి.

నన్ను అన్నింటికన్నా కలవరపెడుతున్నది ఆయన వృత్తి. ఘాట్ రోడ్డు మలుపుల్లో రెండు మూడు సెకన్ల కునుకు చాలు. టీ తాగడం, కిటికీ అద్దం దించడం దానిని ఆపలేవు. అందుకే పరీక్ష పూర్తయి, చికిత్సతో పగటి మత్తు తగ్గేవరకు బండి నడపవద్దని గట్టిగా చెప్పండి. కిరాయిలు పోతాయన్న బాధ నాకు తెలుసు, అయినా ఈ ఒక్క మాటలో సర్దుకుపోవద్దు.

రుయా, స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల వైద్యులను కలవండి. నిద్రలో శ్వాస, ఆక్సిజన్, గుండె వేగాన్ని నమోదు చేసే స్లీప్ స్టడీ అవసరమో కాదో వారు చెబుతారు. జబ్బు ఖాయమైతే ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రాన్ని ఇస్తారు. అలవాటు పడడానికి కొన్ని రోజులు పడుతుంది; మాస్కు సరిగ్గా అమరకపోతే మార్పించుకోవాలే తప్ప యంత్రాన్ని మూలన పెట్టేయకూడదు. బరువు ఎక్కువగా ఉంటే తగ్గడం, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి.

గురక ఆగి మళ్లీ ఊపిరి అందుకునే తీరును ఆయనకు చెప్పి, ఒక రాత్రి మీ ఫోనులో వీడియో తీసి, వాడుతున్న బీపీ మాత్రల చీటీతో పాటు వైద్యులకు చూపించండి.