ముందు ఆ తల్లి ముఖం రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. కథ చక్కగా నడుస్తోంది. కానీ నాలుగిళ్లల్లో పాచిపని చేసే ఆ తల్లి మాత్రం నాకు కనబడలేదు. 'ఓర్పుకు మారుపేరు' అన్నావు, 'భూదేవి' అన్నావు. ఆమె ముఖం ఎలా ఉంటుందో చెప్పలేదు.

నువ్వొక బొమ్మ చూడాలి. జొవానా బాయిస్ వెల్స్ అనే ఇంగ్లండ్ చిత్రకారిణి 1861లో వేసిన ఫ్యానీ ఈటన్ తల. కాగితం మీద ఆయిల్ రంగులతో వేసిన స్టడీ, అంటే పెద్ద చిత్రానికి ముందు వేసుకునే చిన్న బొమ్మ. ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లు. ఇప్పుడు అమెరికాలో యేల్ యూనివర్సిటీ వారి బ్రిటిష్ ఆర్ట్ సెంటర్‌లో ఉంది. ఫ్యానీ జమైకాలో పుట్టి, తల్లితో లండన్ చేరింది. ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లేది, చిత్రకారుల ముందు మోడల్‌గానూ కూర్చునేది. సిమియన్ సాలమన్, రోసెట్టీ అనే చిత్రకారులు కూడా ఆమెను గీశారు.

జొవానా వేయాలనుకున్న పెద్ద చిత్రం ప్రాచీన గ్రీకు గాథల్లోని లిబియా జోస్యురాలిదని చెబుతారు. ఈ స్టడీలో మాత్రం జోస్యం లేదు, మహిమ లేదు. పక్కకు తిరిగిన ముఖం, చెవికి లోలాకు, భుజాల మీద పట్టు శాలువా. ఆ చర్మాన్ని నిదానంగా చూడు. ఒకే గోధుమ రంగు పులిమి వదిలేయలేదు. వెలుగు పడ్డచోట ఒక ఛాయ, నీడలో ఇంకో ఛాయ. ఇది పెన్సిల్‌కు దొరికేది కాదు.

అదే ఏడాది జూలైలో, కాన్పు తర్వాత, జొవానా చనిపోయింది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. పెద్ద చిత్రం పూర్తికాలేదు. అయినా ఈ చిన్న కాగితంలో ఏదో కొరవడిందని నాకెప్పుడూ అనిపించలేదు.

అందుకే నవల కొన్నాళ్లు పక్కన పెట్టు. ఆ తల్లి మీద రెండు పేజీలు రాయి. కథ వద్దు, కన్నీళ్లు వద్దు, గుణగణాలు అసలే వద్దు. కొంగు ఎలా దోపుకుంటుంది? సబ్బునీళ్లలో నానిన వేళ్లు ఎలా ఉంటాయి? ఎవరైనా పిలిస్తే ముందు తల తిప్పుతుందా, కళ్లు మాత్రమే తిప్పుతుందా? తెలియకపోతే ఊహించకు, అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి మాట్లాడు. ఎదురుగా నోట్‌బుక్ తీయకు, ఆవిడకు ఇబ్బందిగా ఉంటుంది. ఇంటికొచ్చాక రాసుకో.

ఆ పేజీల్లో ఒక్క వాక్యం కూడా నవలలోకి రాకపోవచ్చు. టెన్షన్ పడకు. రాయగానే నాకు పంపు, నాలుగో అధ్యాయం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి