రంగం (రంగూన్) వెళ్ళిన తాతగారి గురించి రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మీ తాతగారు పదహారో ఏట వరికోతలకు బర్మా వెళ్ళారని రాశావు. మొదటి పేజీలోనే, జపాను దాడికి మనవాళ్ళు బర్మా వదిలి పారిపోయి వచ్చిన 1942 వచ్చేసింది. అడవులు, కలరా, దారి పొడుగునా శవాలు. చదువుతుంటే మనసు బరువెక్కిన మాట నిజమే. అయితే ఆయన ఏ దారిన తిరిగి వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదని నీ ఉత్తరంలో నువ్వే రాశావు కదా, మరి ఆ అడవి ఎక్కడి నుంచి వచ్చింది తల్లీ?

ఈ తప్పు నేను చేసి ఉన్నాను కనుకనే అడుగుతున్నాను. నా తొలి రచనలో మా తాతను బర్మా పడమటి అంచున ఉన్న అరకాన్ కొండల మీదుగా నడిపించాను. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరారు కాబట్టి మా తాత కూడా వారిలో ఉండే ఉంటాడని అనుకున్నాను. చదివినవాళ్ళు కంటనీరు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. ఆరేళ్ళ తరువాత మా పెద్దనాన్న ట్రంకుపెట్టె అడుగున, తాకట్టు విడిపించుకున్న కాగితం ఒకటి దొరికింది. రెండెకరాల పల్లపు భూమి, కింద మా తాత వేలిముద్ర, 1938 మే నెల. ఆ తరువాత ఆయన మళ్ళీ ఓడ ఎక్కలేదని మా మామ్మ చెల్లెలు ఖాయంగా చెప్పింది. పడని కష్టాన్ని ఆయనకు అంటగట్టి, పడిన కష్టాన్ని నేను రాయకుండా వదిలేశానన్న బాధ ఈనాటికీ నన్ను విడవలేదు.

ఆయన పడిన కష్టం నా కళ్ళ ముందే ఉండేది. ఎడమచేతి చిటికెనవేలి మీద, గోరుకు కొంచెం కింద, నెలవంకలాంటి తెల్లని మచ్చ. చెంబు ఎత్తి నీళ్ళు తాగినప్పుడల్లా అది కనిపించేది. వరి కోసేవాడు ఎడమచేత దుబ్బు బిగించి పట్టి, కుడిచేత కొడవలి లాగుతాడు. ఒళ్ళు అలసి చూపు మందగించే వేళకు కొడవలి జారితే ముందుగా తెగేది ఆ చిటికెనవేలే. పదేళ్ళపాటు ఆ మచ్చను చూస్తూ కూడా, అది ఎవరి పొలంలో, ఎంత కూలికి కోస్తుండగా తగిలిందని ఒక్కనాడూ అడగలేదు. నువ్వు ముందు పనిని పట్టుకో. దారి సంగతి తరువాత చూడవచ్చు.

పనిని పట్టుకుంటే కాలం దానంతట అదే దొరుకుతుంది. ఐరావతి డెల్టాలో కోతలు మన కోతల కంటే కొంత వెనుకగా వస్తాయి. అందుకే మన వైపు కూలీలు శీతాకాలపు మొదట్లో గోపాల్‌పూర్ రేవులోనో కళింగపట్నంలోనో స్టీమరెక్కి, అక్కడ కోతలు కోసి, ఆపైన రంగూన్ బియ్యపు మిల్లుల్లో బస్తాలు మోసి, వానలకు ముందు ఇల్లు చేరేవారు. కాబట్టి పెద్దలను సంవత్సరం అడగవద్దు, వారికి అంకెలు గుర్తుండవు. ఎన్ని సంక్రాంతులకు ఆయన ఇంట్లో లేడో అడుగు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయన్న కబురు ఊరికి వచ్చిననాడు ఆయన ఎక్కడున్నాడో అడుగు. ఈ రెండో ప్రశ్న ఒక్కటే నీ పన్నెండు పేజీలలో సగాన్ని నిలబెట్టనూ గలదు, కొట్టివేయనూ గలదు. ఆ తరువాత కూలీలను కూడగట్టి ఓడ ఎక్కించిన మేస్త్రీ ఎవరు, బయానా ఎంత ఇచ్చాడు, ఆ బయానా ఏ అప్పుకు పోయింది అని అడుగు. మేస్త్రీ ఇచ్చిన ముందస్తు సొమ్మే మనిషిని ఓడ ఎక్కించేది, అది తీరేదాకా కూలిలో కోత పడుతూనే ఉండేది.

కాగితాల విషయంలో నీకు ఆశ ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తోంది. ఫిజీకో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారికి పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది గుర్తులతో సహా నమోదులున్నాయి. బర్మా కోతకూలీకి అటువంటి ఒప్పందపత్రం లేదు. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా భారతదేశంలో ఒక రాష్ట్రమే కనుక పాస్‌పోర్టు అవసరమూ లేకపోయింది. మీ తాతగారు ‘విదేశం వెళ్ళారు’ అని నువ్వు రాసిన చోటల్లా దిద్దమని చెబుతున్నది ఇందుకే. ఆయన రంగం వెళ్ళారు. మన ఇళ్ళలో అన్న మాట అదే, ఈనాటి మన కుర్రవాళ్ళు పనికోసం సూరత్ వెళ్తున్నామన్నంత మామూలుగా అన్న మాట. అక్కడివారు మాత్రం ఆయనను కొరంగీ అన్నారు. గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరే తెలుగు కూలీలందరికీ అంటుకుని, పోనుపోను తిట్టుగా మారింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తరువాత చెలరేగిన దొమ్మీలో ఎందరో ఆ పేరు మీదే చచ్చిపోయారు. ఆ మాటను సొగసు కోసం వాడవద్దు.

అయినా వెదకవలసిన కాగితాలు కొన్ని లేకపోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, శ్రీకాకుళం, టెక్కలి కూడా ఆ జిల్లాలోవే. అంతకు ముందరి కాగితంలో గంజాం అని కనిపిస్తే అది ఇవాళ్టి ఒడిశా ఊరే అయి ఉండాలని లేదు. పాత సర్కారు దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని పురాలేఖల భవనానికి వెళ్ళాలి, భువనేశ్వర్‌తో సరిపెట్టుకుంటే చాలదు. కార్మికుల స్థితిగతులు విచారించడానికి 1929లో నియమించిన విట్లీ కమిషన్ బర్మాలో కూడా సాక్ష్యాలు తీసుకుంది. ఆ సంపుటాన్ని తప్పక చదువు. అందులో మీ తాతగారి పేరు దొరకదు గాని, మేస్త్రీల పద్ధతి ఎట్లా నడిచేదో తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు మీ ఇంటి తాకట్టు పత్రాలు, మనియార్డరు రసీదులు చూడు.

ఇక భాష సంగతి. ఒడియాలో చదువుకున్నానని, తెలుగు సరిగా రాదని నాలుగుచోట్ల క్షమాపణ చెప్పావు. అవి తీసెయ్యి. మీ మేనత్తగారు చెబుతూ చెబుతూ ఒడియాలోకి వెళ్ళిపోతే ఆపవద్దు, ఆ మాటను ఆ శబ్దంతోనే తెలుగు అక్షరాల్లో రాసుకో. పుస్తకాల తెలుగులోకి మారిస్తే మీ ఇల్లు అందులోంచి వెళ్ళిపోతుంది.

మీ మేనత్తగారికి ఎనభై దాటాయన్నావు. అలాగైతే దసరాదాకా ఆగవద్దు, ఈ ఆదివారమే వెళ్ళు. తాతగారు తెచ్చారన్న లక్కపూత వెదురు డబ్బా నీ దగ్గరే ఉందన్నావు కదా, దానిని వెంట తీసుకువెళ్ళు. కాగితం, కలం, ఫోను ఏదీ బయటికి తీయకుండా డబ్బాను ఆవిడ చేతిలో పెట్టి ఊరుకో. మూత తీసి అందులో ముందుగా ఏమి వెదుకుతుందో చూడు. పొగాకా, వక్కలా, చిల్లరా? చూసినది చూసినట్టు నాకు రాయి. అప్పటిదాకా ఆ పన్నెండు పేజీలూ నా దగ్గరే ఉంటాయి.

ఆశీస్సులతో