డాక్టర్ సలహా: తమ్ముడికి మూలుగ ఇవ్వాలంటే బ్లడ్ గ్రూపు కలవాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. అప్లాస్టిక్ అనీమియా అని తేలింది, మూలుగ మార్పిడి చేయించమన్నారు. వాడిది ఓ పాజిటివ్. నాది, చిన్న తమ్ముడిది బి పాజిటివ్. అమ్మ గ్రూపు కలిసింది, ఆమె ఇవ్వొచ్చా? నాకు 31 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఇప్పటికే ఒకసారి అమ్మ రక్తం, ఒకసారి మేనమామ రక్తం ఎక్కించాం. అప్పుడప్పుడు జ్వరం వస్తే పారాసెటమాల్ వేస్తున్నాం. అమ్మానాన్నలది మేనరికం.
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: గ్రూపు సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఆ జ్వరం. మూలుగలో రక్తకణాల తయారీ తగ్గిపోయే ఈ జబ్బులో, క్రిములతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. థర్మామీటర్‌లో 100.4 కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు.

ఇక రక్తం. ప్రేమకొద్దీ ఇచ్చారు, కాదనను. కానీ ఇంట్లోవాళ్ల రక్తం ఎక్కిస్తే, దానికి వ్యతిరేకంగా రోగి ఒంట్లో యాంటీబాడీలు పుట్టొచ్చు. రేపు అదే కుటుంబంలోని వారి మూలుగ ఎక్కించినప్పుడు అది నిలవకపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇకమీదట రక్తసంబంధీకుల రక్తం వద్దు. బ్లడ్ బ్యాంకు వాళ్లు బదులు రక్తం అడుగుతారు, మేనమామ నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు. ఆయన ఇచ్చిన సంచి మాత్రం మీ తమ్ముడికి ఎక్కకూడదు. ఈ మాట బ్లడ్ బ్యాంకులో నోరు తెరిచి చెప్పండి. తెల్లకణాలు వడకట్టి, రేడియేషన్ ఇచ్చిన రక్తం కావాలని మీ డాక్టరు చేత రాయించుకోండి. ఇప్పటిదాకా ఎవరెవరి రక్తం ఎక్కిందో తేదీలతో సహా మార్పిడి చేసే డాక్టరుకు చూపించండి, దాచొద్దు.

దాతను ఎంచేది హెచ్‌ఎల్‌ఏ టెస్టును బట్టి, అంటే ఇద్దరి కణాల మీది గుర్తులు కలుస్తాయో లేదో చూసే పరీక్షను బట్టి. గ్రూపు కలవకపోయినా మార్పిడి చేస్తారు. అది నిలిచాక మీ తమ్ముడి గ్రూపే మెల్లగా దాత గ్రూపుగా మారిపోతుంది. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. తల్లిదండ్రులతో మామూలుగా సగమే కలుస్తుంది. అయితే మీ ఇంట్లో మేనరికం ఉంది కాబట్టి అమ్మానాన్నలకూ టెస్టు చేయించండి, ఒక్కోసారి అలాంటి ఇళ్లలో వారే కలుస్తారు. మేనరికం ఉన్నప్పుడు ఫాంకోనీ అనీమియా లాంటి వంశపారంపర్య జబ్బు కాదని కూడా తేల్చుకోవాలి. అదే అయితే, పైకి ఆరోగ్యంగా కనిపించే తోబుట్టువుకూ ఆ పరీక్ష చేయకుండా మూలుగ తీయరు.

మీరూ చిన్న తమ్ముడూ ఇద్దరూ కలిస్తే, సాధారణంగా అతన్నే ఎంచుకోవచ్చు. చిన్న వయసు దాత మేలు. కాన్పులైన స్త్రీ మూలుగతో, దాత కణాలు రోగి ఒంటి మీద తిరగబడే సమస్య కాస్త ఎక్కువ. అందుకు మీరు నొచ్చుకోవద్దు. ఎవరూ కలవకపోతే, మూలుగ ఇస్తామని ముందుకొచ్చిన బయటి దాతల పేర్లు నమోదు చేసే దాత్రి లాంటి రిజిస్ట్రీల్లో వెతుకుతారు, సగం కలిసినవారితోనూ ఇప్పుడు చేస్తున్నారు.

వేలూరు సీఎంసీలో ఈ మార్పిడి 1986 నుంచి జరుగుతోంది, మీకు చెన్నై కూడా దగ్గరే. నేను మీ తమ్ముణ్ని చూడలేదు, చివరి మాట అక్కడి హెమటాలజిస్టుదే (రక్తజబ్బుల డాక్టరు). ఎవరు ఇవ్వాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు, ఎక్కించే ప్రతి సంచితో పని కష్టమవుతుంది. ఈ వారంలోనే అందరూ కలిసి వెళ్లండి. రిపోర్టులతో పాటు ఒక థర్మామీటర్ కూడా సంచిలో పెట్టుకోండి.